చలికాలమంతా గ్యారేజీలో ఉన్న బైక్‌ను మళ్ళీ రోడ్డెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇల్లినాయిలో, షికాగోకు పడమటి వైపు ఊళ్లో ఉంటాను. నవంబర్ చివర్లో గ్యారేజీ మూలకు చేరిన బండి మళ్ళీ ఏప్రిల్‌లో గానీ బయటికి రాదు. మార్చి మొదలవగానే చుట్టుపక్కల తెలుగు మిత్రుల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి. ప్రశ్నలు ప్రతి ఏడాదీ దాదాపు ఒకటే కాబట్టి, నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నా దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకటి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఐఎన్‌టీ 650, అంటే మన దేశంలో ఇంటర్‌సెప్టర్ అని అమ్మేది. రెండోది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత కార్బ్యురేటర్ హోండా. కింద రాసినవి ఎక్కువగా ఈ రెండిటి మీద నేర్చుకున్నవే.

ఫోన్ చేసేవాళ్ళందరి టెన్షనూ ఒకటే: "స్టార్ట్ అవుతుందా?" నా టెన్షన్ వేరు: "ఆగుతుందా?" స్టార్ట్ కాని బండి గ్యారేజీలోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. స్టార్ట్ అయి, గంటకు 45 మైళ్ళ వేగం అందుకుని, సిగ్నల్ దగ్గర ఆగని బండి సంగతే నన్ను భయపెడుతుంది. అందుకే ఇక్కడ బ్రేకులు, టైర్లు ముందు వస్తాయి. బ్యాటరీ, పెట్రోల్, ఇంజిన్ ఆ తర్వాత.

ఉగాది వచ్చేసింది. ఇక బండి తీయొచ్చా?

పంచాంగాన్ని బట్టి కాదు, రోడ్డును బట్టి తీయాలి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. ఇల్లినాయిలో మార్చి 19కీ ఏప్రిల్ 9కీ చాలా తేడా ఉంది. ఏప్రిల్‌లో కూడా ఇక్కడ మంచు పడిన రోజులున్నాయి.

నేను రెండు గుర్తులు చూసుకుంటాను. ఒకటి, వారం రోజులపాటు రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉండాలి. పగలు ఎండకు కరిగిన మంచునీళ్ళు రోడ్డుకు అడ్డంగా పారి, రాత్రికి పల్చటి గాజుపొరలా గడ్డకడతాయి. వంతెనల మీద ఇది ఇంకా ముందుగా జరుగుతుంది, ఎందుకంటే వాటికి పైనుంచీ కిందనుంచీ చల్లగాలి తగులుతుంది. రెండోది, కనీసం రెండు గట్టి వానలు పడాలి. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు, ఇసుక మలుపుల దగ్గరా, కూడళ్ళ దగ్గరా పేరుకుపోయి ఉంటాయి. కారులో వెళ్ళేవాళ్ళకు ఆ ఇసుక కనిపించను కూడా కనిపించదు. రెండు చక్రాల మీద వంగి తిరిగేవాడికి అది చాలు, కింద పడటానికి.

అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్ళి బండికి పూజ చేయించాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పకుండా చేయించండి. కాకపోతే గుడికి వెళ్ళే ఆ ప్రయాణమే ఆ ఏటి మొదటి ప్రయాణం కాకుండా చూసుకోండి. ఇంటి చుట్టుపక్కల రెండుసార్లు తిప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే వెళ్ళండి.

ఎంత సమయం కేటాయించాలి?

ఒక పూర్తి శనివారం. అదీ మీరు రైడ్‌కి వెళ్ళాలనుకున్న రోజుకు రెండు మూడు వారాల ముందు. బ్రేక్ ప్యాడ్లో, బ్యాటరీయో, టైరో కావాల్సి వస్తే తెప్పించుకోవడానికి టైం పడుతుంది. ఏప్రిల్ రెండో వారంలో మొదటి వెచ్చటి రోజు రాగానే ఊళ్లోని బైక్ షాపులన్నీ నిండిపోతాయి. మార్చిలో రెండు రోజుల్లో అయ్యే పనికి అప్పుడు మూడు వారాలు ఆగమంటారు.

తాళంచెవి ముట్టుకోకముందు టార్చిలైటు తీసుకుని బండి చుట్టూ నెమ్మదిగా తిరగండి. కింద నేల మీద తడి మచ్చలున్నాయేమో చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, నీలంగానో ఉంటే కూలెంట్. చక్రం పక్కన లేత పసుపు తడి ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు, అప్పుడు ఇంక మిగతావన్నీ పక్కనపెట్టి దాని సంగతే చూడాలి. ఇక్కడ మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ శిక్షణలో టి-క్లాక్స్ అని ఒక వరుస నేర్పిస్తారు: టైర్లు, చక్రాలు, తర్వాత కంట్రోళ్ళు, లైట్లు, ఆయిల్, ఛాసిస్, చివరికి స్టాండ్లు. ఆ వరుస గుర్తుంటే ఏదీ మర్చిపోరు.

బ్రేకులు నవంబర్‌లో బాగానే ఉన్నాయి. వాడకుండానే ఎలా పాడవుతాయి?

నేనూ ఇలాగే అనుకున్నాను. ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది, నవంబర్ ఆఖర్లో అప్పటికే ఉప్పు చల్లిన రోడ్డు మీద చివరి రైడ్ చేసి, కడగకుండానే బండిని మూలకు పెట్టాను. ఏప్రిల్‌లో బ్యాటరీ ఛార్జ్ చేసి, టైర్లకు గాలి కొట్టి బయల్దేరాను. నాలుగైదు మైళ్ళు వెళ్ళాక బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. ఎదురుగాలి అనుకున్నాను. తర్వాత కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపి చూస్తే ముందు చక్రం డిస్క్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. క్యాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగంలో, పిస్టన్ ఉప్పుతో, తుప్పుతో బిగుసుకుపోయి, లీవర్ వదిలినా ప్యాడ్ వెనక్కి రావడం లేదు. ఇంకొంచెం వేగంలో, ఇంకొంచెం దూరం వెళ్ళాక ఆ చక్రం పట్టేసి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఆ రోజు బండిని అక్కడే వదిలి, ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పటి నుంచీ నేను చేసే పని ఇది. సెంటర్ స్టాండ్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతాను. డిస్క్‌కు ప్యాడ్ కాస్త రాసుకునే చప్పుడు వస్తే పర్లేదు, కానీ చక్రం తేలిగ్గా తిరగాలి. బ్రేక్ నొక్కితే వెంటనే ఆగాలి, వదిలితే వెంటనే మళ్ళీ తిరగాలి. ముందు చక్రానికి స్టాండ్ లేకపోతే బండిని చేత్తో తోస్తూ చూడొచ్చు.

తర్వాత లీవర్. గట్టిగా పట్టుకుని అర నిమిషం అలాగే ఉంచండి. రాయిలా నిలబడాలి. మెల్లగా హ్యాండిల్ వైపు జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్‌లో సీలు పోయింది. స్పాంజిలా మెత్తగా ఉంటే పైపులో గాలి చేరింది. ఈ మూడింటిలో ఏది ఉన్నా బండి ఇంటి ముందు వాకిలి దాటకూడదు.

ఇక బ్రేక్ ఆయిల్. డాట్ (అమెరికా రవాణా శాఖ) ప్రమాణం పేరుతో వచ్చే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలన్నీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. బండి కదలకపోయినా ఆ పని ఆగదు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక దానికి పెట్టిన కనీస హద్దు 155 డిగ్రీలు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, బుడగలు నొక్కుకుపోతాయి, లీవర్ చివరిదాకా వచ్చినా బ్రేకు పడదు. బ్రేక్ ఆయిల్ డబ్బాకుండే చిన్న కిటికీలోంచి చూస్తే ఆయిల్ లేత తేనె రంగులో ఉండాలి. డికాషన్ రంగుకు వచ్చిందంటే మార్చే సమయం ఎప్పుడో దాటింది. రంగు బాగున్నా రెండేళ్ళకోసారి మార్చండి. కిందటేడు మూత తీసి సగం వాడిన సీసా వాడొద్దు, అది కూడా తేమ పీల్చుకునే ఉంటుంది. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉంది కదా అని డాట్ 4 బండిలో పోయకండి. పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

డిస్క్ మీద పల్చటి ఎర్రటి తుప్పు కనిపిస్తే కంగారు పడకండి. నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేస్తే పోతుంది. కానీ డిస్క్ మీద నూనె మాత్రం పడకూడదు. చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు వెనక డిస్క్‌కు అడ్డంగా ఒక గుడ్డ కట్టండి.

టైర్లకు గాలి కొడితే చాలదా?

గాలి మొదటి మెట్టు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి పీడనం సుమారు 1 పీఎస్ఐ (పీడనం కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. దానికి తోడు ఊరికే నిలబడి ఉన్నా నెలనెలా కొంత పోతుంది. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలన్నది మీ బండి పుస్తకంలో, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదో చైన్ గార్డ్ మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె గరిష్ఠ పీడనం, అంత కొట్టమని దాని అర్థం కాదు.

గాలి కొట్టాక టైరును అంగుళం అంగుళం చూడండి. గాడుల మధ్య, పక్క గోడల మీద సన్నటి పగుళ్ళుంటే రబ్బరు ఎండిపోయింది. నెలల తరబడి ఒకేచోట బరువు మోసిన భాగం కాస్త చదునుగా కావచ్చు. చాలాసార్లు కొన్ని మైళ్ళు తిరిగాక సర్దుకుంటుంది, సర్దుకోకుండా ధడ్ ధడ్‌మంటూనే ఉంటే టైరు మార్చాల్సిందే.

టైరు వయసు దాని పక్కనే రాసి ఉంటుంది. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండ్ బండి కొన్న మిత్రులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నాలుగు వేల మైళ్ళే తిరిగిన బండి, గాడులు నిండుగా ఉన్నాయి, టైర్లు కొత్తవిలా ఉన్నాయి అంటారు. కోడ్ చూస్తే పదేళ్ళు. గట్టిపడిన రబ్బరు చల్లటి తడి రోడ్డును పట్టుకోదు. ఆరేళ్ళు దాటితే గాడులు ఎంత లోతున్నా నేను మార్చేస్తాను. ఖర్చే, కానీ బండికీ రోడ్డుకూ మధ్య ఉండేది అరచేతులంత రెండు రబ్బరు ముక్కలే.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది కొనాలా?

ముందు మల్టీమీటర్ పెట్టి కొలవండి. పది, పదిహేను డాలర్లకు దొరుకుతుంది, ఏళ్ళ తరబడి పనికొస్తుంది. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు, ఆపైన ఉంటే బ్యాటరీ బాగున్నట్టు. 12.4 దగ్గరుంటే ఛార్జ్ పెట్టాలి. 12 కన్నా కిందికి వెళ్ళిందంటే లోతుగా దిగిపోయింది. అలా వారాల తరబడి ఉంటే లోపలి సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్ళీ ఎంత ఛార్జ్ చేసినా పాత శక్తి రాదు.

ఇంకో ప్రమాదం ఇక్కడి చలికి సంబంధించింది. నిండుగా ఛార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా గడ్డకట్టదు. దిగిపోయిన బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే, అది సున్నాకు కొన్ని డిగ్రీల కిందే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టి డబ్బా ఉబ్బినా, పగిలినా దానికి ఛార్జర్ పెట్టకండి. తీసి రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి. పాత బ్యాటరీలను విడిభాగాల షాపుల్లో తీసుకుంటారు.

ఛార్జర్ చిన్నదే వాడండి. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు సరిపోతుంది, అంటే 12 యాంపియర్ అవర్ బ్యాటరీకి 1.2 యాంపియర్లు. కారు బ్యాటరీలకు వాడే పెద్ద ఛార్జర్ దీన్ని ఉడికించేస్తుంది. మీది లిథియం బ్యాటరీ అయితే దానికోసం చేసిన ఛార్జర్ మాత్రమే పెట్టాలి. తీసేటప్పుడు నెగటివ్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఈ వరుస తప్పితే స్పానర్ ఫ్రేముకు తగిలి మెరుపులొస్తాయి.

ఛార్జ్ అయ్యాక స్టార్టర్ నొక్కుతూ మీటర్ చూడండి. 9.5 కిందికి పడిపోతుంటే ఆ బ్యాటరీ ఇంక నమ్మదగ్గది కాదు. ఇంజిన్ నడుస్తూ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే బండి తనంతట తాను ఛార్జ్ చేసుకుంటోందని అర్థం.

వచ్చే చలికాలానికైనా బ్యాటరీని నెలల తరబడి నిండుగా ఉంచే చిన్న ఛార్జర్, అంటే బ్యాటరీ మెయింటెయినర్ ఒకటి కొనుక్కుని తగిలించి వదిలేయండి. ప్రతి వసంతం కొత్త బ్యాటరీ కొనే మిత్రులకు నేను చెప్పేది ఇదొక్కటే.

మన ఊళ్లోలాగా తోసి స్టార్ట్ చేయొచ్చా?

కార్బ్యురేటర్ బండి అయితే చాలావరకు అవుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ పంపుకూ, కంప్యూటర్‌కూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే ఎంత తోసినా లాభం లేదు. కారు బ్యాటరీతో జంప్ ఇవ్వాల్సి వస్తే కారు ఇంజిన్ ఆపి ఉంచండి. చివరి నల్ల క్లిప్పును బ్యాటరీకి కాకుండా ఫ్రేము మీద రంగు లేని లోహానికి తగిలించండి. కానీ ఇంటి దగ్గరే ఉన్నప్పుడు ఇవేవీ అక్కర్లేదు. ఒక రాత్రి ఛార్జర్ పెట్టి ఆగండి.

ట్యాంకులో నవంబర్ నాటి పెట్రోల్ ఉంది. అదే వాడొచ్చా?

నిలవ ఉంచే ముందు పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, ట్యాంకు నిండా పోసి, కొన్ని మైళ్ళు నడిపి ఉంటే వాడొచ్చు. కలపకపోతే బండిని బట్టి ఉంటుంది.

ఇక్కడ పంపుల్లో దొరికే పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను లాగుతుంది. ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, చలికీ వెచ్చదనానికీ లోపలి గోడల మీద నీటి చెమ్మ పడుతుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు ముందుగా వెళ్ళేది ఆ అడుగుదే. దీనికి తోడు పెట్రోల్‌లోని తేలికైన భాగం నెలల్లో ఆవిరైపోతుంది. మిగిలినదానికి అంటుకునే గుణం తగ్గి, పుల్లటి వార్నిష్ వాసన వస్తుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి దీన్ని కొంత తట్టుకుంటుంది. ట్యాంకు సగమో, తక్కువో ఉంటే పైన కొత్త పెట్రోల్ నింపండి, ఎక్కువసార్లు నడిచిపోతుంది. కార్బ్యురేటర్ బండి తట్టుకోదు. దాని ఫ్లోట్ గిన్నెలో మిగిలిన చెంచాడు పెట్రోల్ ఆవిరై, జిగురుగా మారి, వెంట్రుకంత సన్నటి పైలట్ జెట్‌ను మూసేస్తుంది. చోక్ వేసి ఉన్నంతసేపు నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే దాదాపుగా ఆ జెట్టే మూసుకుంది. నా పాత హోండాకు మూడు వసంతాలు ఈ పని చేశాక, ఇప్పుడు నవంబర్‌లోనే గిన్నె కింద స్క్రూ విప్పి ఖాళీ చేస్తున్నాను. ఆ పనికి పట్టేది ఐదు నిమిషాలు. జెట్ శుభ్రం చేయాలంటే ఒక ఆదివారం మొత్తం పోతుంది.

పంపు దగ్గర తొందరలో ఈ15 గొట్టం ఎత్తకండి. 15 శాతం ఇథనాల్ ఉన్న ఆ పెట్రోల్‌ను మోటార్‌సైకిళ్ళలో వాడటం ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నిషేధించింది.

ఆయిల్ మార్చాలా? నవంబర్‌లోనే మార్చాను.

అయితే మార్చక్కర్లేదు, మట్టం చూసుకుంటే చాలు. మార్చకుండా పెట్టి ఉంటే మాత్రం మొదటి రైడ్‌కి ముందే ఫిల్టర్‌తో సహా మార్చండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, నీటి చెమ్మ చేరి ఉంటాయి, నెలల తరబడి అవి బేరింగుల మీదే కూర్చున్నాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్ళు కలిశాయి. కారు ఆయిల్ పోయకండి. బైక్‌లో అదే ఆయిల్ క్లచ్‌ను కూడా తడుపుతుంది, కాబట్టి జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైక్ ఆయిళ్ళకు ఇచ్చే ప్రమాణం) అని రాసి ఉన్నదే కావాలి.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ను ప్రేమగా ఇక్కడికి తెచ్చుకున్నవాళ్ళకు ఒక మాట. నెలల తరబడి నిలబడితే దాని ఆయిల్ ట్యాంకులోంచి ఇంజిన్ కింది గది క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది. ట్యాంకులో తక్కువ చూపిస్తోందని పైన పోసేస్తే ఎక్కువైపోతుంది. దిగినదాన్ని కింద నుంచి తీసి, తర్వాతే మట్టం సరిచేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం జాగ్రత్తలు?

గ్యారేజీ తలుపు తెరిస్తే చాలు అనుకోకండి, బండిని బయటికి తోసుకెళ్ళి స్టార్ట్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఇక్కడి ఇళ్ళల్లో చాలావరకు గ్యారేజీ ఇంటికి అతుక్కునే ఉంటుంది, పైన పిల్లల పడకగది ఉంటుంది.

స్టార్ట్ అవగానే రేజ్ చేయకండి. ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే ఆపేయండి. మొదటి నిమిషంలో తెల్లటి ఆవిరి వస్తే అది సైలెన్సర్‌లోని తడి. వేడెక్కాక కూడా ఆగకపోతే చూడాలి.

గేర్ వేయగానే, క్లచ్ పట్టుకునే ఉన్నా, బండి ముందుకు దూకవచ్చు. ఆయిల్‌లో తడిసిన క్లచ్ ప్లేట్లు నెలల తరబడి నొక్కుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకని ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే గేర్‌లో పెట్టి, క్లచ్ పట్టుకుని, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. ప్లేట్లు విడినప్పుడు చేతికే తెలుస్తుంది. మొదటిసారి గేర్ వేసేటప్పుడు ఎదురుగా కారు గానీ గోడ గానీ ఉండకూడదు.

సీటు కింద ఎలుకల గూడు ఉంది. ఊడ్చేయొచ్చా?

పొడిగా ఊడ్చొద్దు, వాక్యూమ్ కూడా పెట్టొద్దు. ఉత్తర అమెరికాలోని డీర్ మౌస్ అనే చిన్న ఎలుకల రెట్ట, మూత్రం ద్వారా హాంటా వైరస్ వ్యాపించవచ్చు. ఎండిన దుమ్మును పీలిస్తే ఊపిరితిత్తులకు వస్తుంది, ప్రాణాంతకం. చేతులకు గ్లోవ్స్, మూతికి మాస్క్ పెట్టుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి గూటి మీద బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కాగితపు టవల్‌తో తీసి సంచిలో కట్టేయండి. వైర్ల మీద బ్లీచ్ నీళ్ళు నిలవకుండా తుడవండి.

గూడు ఉందంటే అంతటితో అయిపోలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి, సైలెన్సర్ గొట్టంలో లైటు వేసి చూడండి, వైర్ల పైతొడుగు కొరికిందేమో వేలితో తడిమి చూడండి. ఒక ఏడాది నా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో రెండు గుప్పెళ్ళ కుక్కల మేత దొరికింది. గ్యారేజీలో పక్కింటివాళ్ళ సంచి ఒకటి దాచిపెట్టడమే కారణం.

చైన్ తుప్పు పట్టింది. పర్లేదా?

పైపైన ఉన్నది పర్లేదు. కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక లూబ్రికెంట్ కొట్టండి. ఓ-రింగ్ చైన్‌కు పెట్రోల్, ఇనుప బ్రష్ వాడితే సన్నటి రబ్బరు రింగులు పాడవుతాయి. లింకులు మడత దగ్గర బిగుసుకుని ముడిలా నిలబడుతుంటే చైన్ మార్చాలి. లాగినప్పుడు పైకీ కిందికీ ఎంత ఆడాలో పుస్తకం చూసి సరిచేయండి.

ఇంజిన్ నడుస్తుండగా, గేర్‌లో పెట్టి చైన్ శుభ్రం చేయొద్దు. గుడ్డ చైన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య చిక్కుకుంటే వేళ్ళు పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పండి, ఎంత ఆలస్యమైనా సరే.

కూలెంట్, లైట్లు, కేబుళ్ళు?

ఐఎన్‌టీ 650 లాంటి గాలి, ఆయిల్ చల్లబరిచే బండ్లకు కూలెంట్ లేదు. ఉన్నవాటికి మట్టం చూడండి, రెండు మూడేళ్ళకోసారి మార్చండి. మామూలు కూలెంట్ తియ్యగా ఉండే విషం, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కాబట్టి కింద ఒలికితే వెంటనే తుడవండి. లైట్లలో ముఖ్యంగా బ్రేక్ లైటు: ముందు లీవర్‌తోనూ, వెనక పెడల్‌తోనూ విడివిడిగా వెలగాలి. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి, హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పినప్పుడు కూడా. రాకపోతే కేబుల్‌కు నూనె పట్టించండి, లేదా మార్చండి.

గుంటూరులో నా బండి ఏడాదిగా ఆగి ఉంది. నాన్నగారు వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నారు. చాలుగా?

నాన్నగారి శ్రద్ధకు చేతులెత్తి దండం పెట్టాలి, కానీ ఆ ఐదు నిమిషాలు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనూ, సైలెన్సర్‌లోనూ చెమ్మగా మిగులుతుంది. స్టార్టర్ వాడుకున్నంత కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. ఇక్కడ గ్యారేజీల్లో చలికాలం ఇలా చేసేవాళ్ళకూ నేను ఇదే చెబుతాను. తమ్ముడో, నమ్మకమైన బంధువో ఉంటే పదిహేను రోజులకోసారి పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి రమ్మనండి. ఎవరూ లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీయించి, సెంటర్ స్టాండ్ వేయించి, గాలి ఆడే గుడ్డ కప్పించండి. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే పట్టి ఉంచుతుంది.

అక్కడ ఇప్పుడు అమ్మేది ఈ20 పెట్రోల్, అంటే ఇథనాల్ ఇంకా ఎక్కువ. సెలవులకు వెళ్ళినప్పుడు పాత పెట్రోల్ తీయించి కొత్తది పోయించండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటాయేమో చూసుకోండి. పైన చెప్పిన బ్రేకులు, టైర్ల సంగతి అక్కడ కూడా ఇంతే వర్తిస్తుంది. విమానం దిగిన మర్నాడే అమ్మను ఎక్కించుకుని గుడికి వెళ్ళే బండి అది.

లైసెన్స్, ఇన్సూరెన్స్ మాటేమిటి?

ఇల్లినాయిలో 150 సీసీ, ఆపైన బండికి ఎం క్లాస్, అంటే మోటార్‌సైకిల్ లైసెన్స్ కావాలి. ఇండియాలో పదేళ్ళు బండి నడిపినంత మాత్రాన అది రాదు. చలికాలంలో ప్రీమియం తగ్గించుకోవడానికి దొంగతనం, అగ్నిప్రమాదం కవరేజ్ మాత్రం ఉంచి మిగతాది ఆపించిన వాళ్ళు, తాళంచెవి తిప్పకముందే ఫోన్ చేసి మళ్ళీ పూర్తి కవరేజ్ పెట్టించుకోండి. నంబర్ ప్లేటు మీది స్టిక్కర్ తేదీ కూడా చూడండి.

ఇవన్నీ నేనే చేసుకోవాలా, మెకానిక్‌కు ఇవ్వాలా?

గాలి, బ్యాటరీ, చైన్, ఆయిల్, లైట్లు ఎవరైనా నేర్చుకోవచ్చు. బ్రేకుల పరీక్ష కూడా అంతే. కానీ క్యాలిపర్ విప్పడం, బ్రేక్ పైపుల్లో గాలి తీయడం ఎప్పుడూ చేయనివాళ్ళు మొదటిసారి తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి, లేదా షాపుకు ఇవ్వండి. ఇచ్చినప్పుడు "సర్వీస్ చేయండి" అని వదిలేయకండి. ఏమేం చూడాలో కాగితం మీద రాసివ్వండి. ఒకసారి నేను డబ్బు కట్టి తెచ్చుకున్న బండికి వెనక ఇరుసు నట్టు సరిగ్గా బిగించలేదు, ఇంటికొచ్చి చూస్తే చేత్తోనే తిరిగింది. ఎవరు చేసినా, ఇరుసు నట్లు, క్యాలిపర్ బోల్టులు టార్క్ రెంచ్‌తో నేనే మరోసారి చూసుకుంటాను.

అన్నీ అయ్యాయి. మొదటి రైడ్ ఎలా ఉండాలి?

చిన్నగా, పగటిపూట, ఒంటరిగా. వెనక భార్యనో పిల్లల్నో కూర్చోబెట్టుకోవద్దు. బండితోపాటు మీరూ ఐదు నెలలు ఆగి ఉన్నారు. బ్రేకు మీదికి వేళ్ళు వెళ్ళే వేగం తగ్గి ఉంటుంది, మలుపులో చూపు ముందుకు కాకుండా చక్రం ముందుకే పడుతుంది. ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌కు వెళ్ళి, 20 మైళ్ళ వేగం నుంచి ఆపడం పదిసార్లు చేయండి. ముందు బ్రేకు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కడం చేతికి మళ్ళీ అలవాటు కావాలి. పొడి ఆకులు, ఇసుక లేనిచోట చేయండి.

కారువాళ్ళు కూడా ఐదు నెలలుగా బైక్‌ను చూడలేదు. ఎదురుగా వచ్చి మీ ముందు నుంచి ఎడమకు తిరిగే కారు మిమ్మల్ని చూసిందని అనుకోవద్దు, కళ్ళు కలిసినా సరే. చలికి పగిలిన రోడ్లలో కొత్త గుంతలు ఉంటాయి, నీళ్ళు నిండిన గుంత లోతు తెలియదు. సంధ్యవేళ జింకలు రోడ్డు దాటుతాయి, ఒకటి కనిపిస్తే వెనక ఇంకొకటి ఉంటుంది.

ఇల్లినాయిలో పెద్దవాళ్ళకు హెల్మెట్ చట్టం లేదు. దాన్ని సౌకర్యంగా తీసుకోవద్దని ప్రతి మిత్రుణ్ణీ చేతులు పట్టుకుని అడుగుతాను. పెట్టుకోండి. డాట్ గుర్తు ఉన్నది, గడ్డం కింద పట్టీ బిగించి. లోపలి స్పాంజి ఊడిపోతుంటే, ఒకసారైనా గట్టిగా దెబ్బ తగిలి ఉంటే కొత్తది కొనండి.

ఇంటికి వచ్చాక బండి కింద ఒక అట్టముక్క పరచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే అట్ట మీద చుక్కలున్నాయేమో చూసి, టైరు చల్లగా ఉండగానే గాలి మళ్ళీ కొలవండి. రెండు పీఎస్ఐ కంటే ఎక్కువ తగ్గి ఉంటే ఎక్కడో మేకు ఉంది, లేదా వాల్వ్ వదులుగా ఉంది. సబ్బు నీళ్ళు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతకండి.